సెలవు చీటీ నేర్పాం, ఫిర్యాదు నేర్పలేదు

మా శృంగవరపుకోట కొండ కింద ఊరు. ఊరు దాటితే అనంతగిరి ఘాట్ రోడ్డు, ఆ పైన అరకు. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైలు మా స్టేషన్‌లో ఆగి, బొడ్డవర దాటాక కొండ ఎక్కుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని కిందికి దింపడానికి వేసిన దారి అది. మా పిల్లలు కూడా ఆ కొండల మీద నుంచే చదువు కోసం దిగుతారు. దారపర్తి వైపు గూడేల నుంచి కాలినడకన వచ్చి, ఎస్.కోటలో ఇంటర్ చదివి, ఆ తరువాత విజయనగరమో విశాఖపట్నమో బస్సెక్కుతారు.

అలా వెళ్లిన మగపిల్లడు చదువు మధ్యలో మానేసి వస్తే ఊరంతా కారణం అడుగుతుంది. ఆడపిల్ల తిరిగొస్తే ఎవరూ అడగరు. "బెంగెట్టుకుంది", "చదువు ఒంటబట్టలేదు", "సంబంధం వచ్చింది" అని కారణం మనమే చెప్పేసుకుంటాం. ఆ అడగని ప్రశ్న గురించే ఈ వ్యాసం. మన పిల్లలు చదివే కాలేజీల్లో, యూనివర్సిటీల్లో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసే హక్కు ఎలా వచ్చిందో, ఎవరి కష్టం మీద వచ్చిందో మనకు తెలియాలి. అది తెలియకపోవడం వల్ల నేను చేసిన తప్పు ఒకటుంది. ముందు అది చెప్పాలి.

2012 సంక్రాంతి సెలవుల్లో నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. వాళ్ల గూడెంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి ఆడపిల్ల. పట్నంలో పీజీ చదువుతోంది. అది ఏ పట్నమో, ఏ కాలేజీయో రాయను. వాళ్లమ్మ వెంట వచ్చి, "పట్నం నీళ్లు పడనేదు టీచరమ్మా, గుంట చిక్కిపోయింది" అంది. అమ్మ బయటికి వెళ్లాక ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. ప్రాక్టికల్ మార్కులు వేసే సారు ల్యాబ్ అయ్యాక గదికి రమ్మంటాడు. భుజం మీద చెయ్యేస్తాడు. రాత్రిపూట ఫోన్‌కు మెసేజ్‌లు పెడతాడు. జవాబివ్వకపోతే మర్నాడు క్లాసులో, "కొండ మీద నుంచి రిజర్వేషన్‌లో వచ్చినవాళ్లకు ఇవి ఎక్కవు" అంటాడు.

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "కొన్నాళ్లు ఓర్చుకో అమ్మా. సర్టిఫికెట్ చేతికొస్తే నీ దారి నీది. ఒక్కదానివీ ఆయన గదికి వెళ్లకు." ఆ పిల్ల తలూపింది. పండగయ్యాక బస్సెక్కలేదు. ఆ సర్టిఫికెట్ ఎప్పటికీ చేతికి రాలేదు.

ఆ రోజుకి అలాంటి వేధింపుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చి 14 ఏళ్లు దాటింది. చదువు చెప్పే నాకే ఆ ముక్క తెలియదు. రెండేళ్ల టీచర్ ట్రైనింగ్‌లో పాఠ్య పథకం రాయడం నేర్పారు, పిల్లల మనస్తత్వం నేర్పారు. ఇది నేర్పలేదు. తరువాత నేనే ఒక్కొక్కటీ చదివి తెలుసుకున్నాను. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. ఈ చట్టాలు పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్లు ఆలోచించి మనకు ఇచ్చినవి కావు. వీటి మొదట్లో ఒక ఆదివాసీ కూలిపిల్ల ఉంది. ఆ తరువాత ఒక పల్లెటూరి కార్యకర్త ఉంది.

దేసాయిగంజ్ పిల్ల

1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఆడవాళ్ల మీద జులుంకు 354, మాటలకూ సైగలకూ 509 అని రెండు సెక్షన్లు ఉండేవి. రెండింటిలోనూ ఆడదాని "శీలం", "మర్యాద" అనే భాషే. ఇష్టం లేకుండా తాకడం, మార్కులు చూపించి బెదిరించడం, వెంటపడటం అనేవాటికి విడిగా పేరే లేదు. పేరు లేని నేరం మీద ఫిర్యాదు రాయడం ఎవరికైనా కష్టం.

1972 మార్చిలో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్‌కు మథుర అనే ఆదివాసీ పిల్లను పిలిపించారు. ఆ ప్రాంతం ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో ఉంది, ఆ జిల్లా తెలంగాణ సరిహద్దు పక్కనే. తల్లిదండ్రులు లేని పిల్ల, కూలి చేసుకుని బతికేది. వయసు 14కీ 16కీ మధ్య. ఇంటి గొడవ మీద అన్న ఇచ్చిన ఫిర్యాదు విషయమై వెళ్లిన ఆమెను, మిగతావాళ్లను పంపేసి, స్టేషన్‌లోనే ఆపేశారు. అక్కడే ఆమెపై అత్యాచారం జరిగింది. కింది కోర్టు పోలీసులను విడిచిపెట్టింది. హైకోర్టు శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ విడిచిపెట్టింది. ఒంటి మీద గాయాలు లేవు, ఎదిరించిన గుర్తులు లేవు అన్నది కోర్టు చూపిన కారణం. రాత్రిపూట పోలీస్ స్టేషన్‌లో ఒక కూలిపిల్ల ఎలా ఎదిరించాలో తీర్పు చెప్పలేదు.

1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని ఆ లేఖ సారాంశం. దేశంలో చాలాచోట్ల మహిళలు ఆ లేఖ పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేక నేరం చేశారు. అలాంటి కేసులో కలయిక జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే కోర్టు ఆ మాటనే నమ్మి మొదలుపెట్టాలన్నారు. బాధితురాలి పేరు బయటపెట్టడం కూడా నేరమైంది. మనం టీచర్లం ఒకటి గమనించాలి. ఆ మార్పుకు దారి తీసింది నలుగురు టీచర్లు రాసిన ఉత్తరం.

మన తెలుగు నేల మీద కూడా ఆ రోజుల్లోనే ఇలాంటిది జరిగింది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని కుదిపేశాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. విచారణ కర్ణాటకలోని రాయచూర్‌కు వెళ్లింది. అక్కడ 1981లో కేసు వీగిపోయింది.

విశాఖ తీర్పు మన విశాఖది కాదు

"విశాఖ తీర్పు" అనే మాట మొదటిసారి విన్నప్పుడు అది మన విశాఖపట్నంలో జరిగిన కేసు అనుకున్నాను. మా స్టాఫ్‌రూమ్‌లో అడిగితే అందరూ అలాగే అనుకున్నారు. విశాఖ అన్నది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. ఆ తీర్పు వెనుక ఉన్న మనిషి భన్వరీదేవి.

ఆమెది భటేరీ గ్రామం, కుమ్మరి కులం. రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 1985 నుంచి "సాథిన్"గా పనిచేసేది. మన ఊళ్లలో ఆశా కార్యకర్త తిరిగినట్టు ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని అది. బాల్య వివాహాలు ఆపమని పైవాళ్లు చెప్పారు. 1992లో ఏడాది కూడా నిండని పసిపాపకు జరగబోతున్న పెళ్లిని ఆపడానికి ఆమె ప్రయత్నించింది. దానికి కక్ష కట్టి, అదే ఏడాది సెప్టెంబరు 22న పొలంలో భర్త కళ్ల ముందే ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది.

మహిళా సంస్థలు వేరే ప్రశ్నతో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆమె ప్రభుత్వం చెప్పిన పని చేస్తుండగా ఇది జరిగింది కదా, పనిచేసే చోట ఆడమనిషికి రక్షణ ఎవరి బాధ్యత అన్నారు. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ కిర్పాల్ తీర్పు చెప్పారు. పార్లమెంటు చట్టం చేసేదాకా తాము ఇచ్చే మార్గదర్శకాలే చట్టమన్నారు. పనిచేసే ప్రతి సంస్థలో మహిళ అధ్యక్షురాలిగా ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో బయటి సంస్థ మనిషి ఒకరు ఉండాలని చెప్పారు. ఇష్టం లేకుండా తాకడం, లైంగిక కోరికలు కోరడం, అసభ్యంగా మాట్లాడటం, అలాంటి బొమ్మలు చూపడం, అటువంటి మరే ప్రవర్తనైనా లైంగిక వేధింపే అని మొదటిసారి పేరు పెట్టి రాశారు.

ఆ ముక్కలు 2012లో నాకు తెలిసుంటే ఆ పిల్లతో "ఓర్చుకో" అని ఉండేదాన్ని కాదు.

క్యాంపస్‌లోకి వచ్చిన చట్టం

తీర్పు వచ్చాక కొన్ని యూనివర్సిటీలే ముందుకు కదిలాయి. ఢిల్లీలోని జేఎన్‌యూ 1999లో విద్యార్థుల ప్రతినిధులతో కూడిన కమిటీ పెట్టింది. చాలా చోట్ల తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన ఘోరం తరువాత వేసిన కమిటీకి అదే జస్టిస్ వర్మ అధ్యక్షుడు. 2013లో శిక్షాస్మృతిలో లైంగిక వేధింపు, వెంటపడి వేధించడం విడి నేరాలయ్యాయి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. 1997లో సుప్రీంకోర్టు చెప్పిన పని పార్లమెంటు చేయడానికి 16 ఏళ్లు పట్టింది.

ఆ చట్టం విద్యాసంస్థలనూ కలుపుకుంది. విద్యార్థుల సంగతి ఇంకా వివరంగా చెబుతూ యూజీసీ 2015 నిబంధనలు తెచ్చింది. అవి 2016 మే 2న గెజిట్‌లో వచ్చాయి. మన పిల్లలకు పనికొచ్చే ముఖ్యమైన సంగతులు అందులో ఉన్నాయి.

ప్రతి కాలేజీలో, యూనివర్సిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షురాలు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. ఫిర్యాదు విద్యార్థులకు సంబంధించినదైతే విద్యార్థులే ఎన్నుకున్న ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లే. వీసీ, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి లాంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు సభ్యులు కాకూడదు. ఎందుకో మనకు తెలిసిందే. పెద్దాయన ముందు కూర్చుని పెద్దాయన స్నేహితుడి మీద చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పలుసార్లు జరిగితే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేని స్థితిలో ఉన్న పిల్లకు రాయడంలో సాయం చేయాల్సింది కమిటీయే. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఈలోగా ఆ పిల్ల పేపర్లు దిద్దే పని, మార్కులు వేసే పని ఆ మనిషి చేతిలో ఉండకుండా చూడమని కమిటీ చెప్పవచ్చు. నా దగ్గరికి వచ్చిన పిల్లకు కావలసింది సరిగ్గా అదే. క్యాంపస్ అంటే తరగతి గది ఒక్కటే కాదు. హాస్టల్, క్యాంటీన్, కాలేజీ బస్సు, ఫీల్డ్ ట్రిప్పు, ఇంటర్న్‌షిప్ చేసే చోటు కూడా క్యాంపస్ కిందికే వస్తాయి. ఫిర్యాదు రుజువు కానంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు అయిపోదు. కావాలని తప్పుడు ఫిర్యాదు చేశారని విడిగా తేలితేనే చర్య. ఫిర్యాదుదారు పేరు, విచారణ సంగతులు రహస్యంగా ఉంచాలి.

మన పిల్లలకు ఇంకో రక్షణ కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాన్ని సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన సెక్షన్ 3(1)(డబ్ల్యు) ప్రకారం, ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి ఒక మహిళను ఆమె ఇష్టం లేకుండా లైంగికంగా తాకడం, ఆమెతో లైంగికమైన మాటలాడటం, సైగలు చేయడం నేరం. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. మా ఎస్.కోట కొండ గూడేలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్నాయి. దానివల్ల భూమి హక్కుల్లో చాలా నష్టపోయాం. ఆ అలవాటుతో, "ఆ ఎస్టీ చట్టం ఏజెన్సీ వాళ్లకే, మనకు కాదు" అనేవాళ్లు మా దగ్గర ఉన్నారు. అది తప్పు. ఈ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతంతో సంబంధం లేదు. ఎస్టీ మనిషికి ఏ పట్నంలో ఉన్నా వర్తిస్తుంది. కమిటీకి ఫిర్యాదు ఇచ్చినవాళ్లు పోలీసుల దగ్గరికి కూడా వెళ్లవచ్చు. ఒకటి చేస్తే రెండోది పోదు. ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. అంటే విశాఖపట్నంలో జరిగినదాని మీద ఎస్.కోట స్టేషన్‌లోనే ఫిర్యాదు రాయవచ్చు.

చట్టం ఉన్నా

ఇంత చెప్పాక, చట్టం ఉంటే చాలదనీ చెప్పాలి. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది, విశాఖ తీర్పు వచ్చిన ఏడాదే. 2015 జూలై 14న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థిని హాస్టల్‌లో ప్రాణం తీసుకుంది. సీనియర్ల ర్యాగింగ్, వేధింపుల సంగతి ఆమె రాసి పెట్టిన పేజీల్లో ఉంది. ప్రభుత్వం కమిటీ వేసింది, కేసు నడిచింది. 2024 నవంబరులో గుంటూరు కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. కోర్టు తీర్పు కోర్టుది. నన్ను బాధించేది ఆ పేజీలు. ఆ పిల్ల రాయగలిగింది. బతికుండగా ఆ రాతను నమ్మకంగా అందుకునే చెయ్యి ఒకటి ఆమెకు కనిపించలేదు.

వాకపల్లి మనకు పరాయి ఊరు కాదు. జి.మాడుగుల మండలం, మన కొండల వరసే. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. తెలుగు సరిగా రాని ఆడవాళ్లు కొండ దిగి అధికారుల ముందు నిలబడి చెప్పారు. 2017లో సుప్రీంకోర్టు విచారణ జరగాల్సిందేనంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను విడిచిపెట్టింది. దర్యాప్తు చేసిన అధికారుల వైఫల్యాన్ని ఎత్తి చూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నేరం ఎవరు చేశారో తేలలేదు. దర్యాప్తు సరిగా జరగలేదని మాత్రం తేలింది. ఆ 11 మంది 16 ఏళ్లు మాట మీద నిలబడ్డారు. తొలి రోజుల్లో చేయాల్సిన పని చేయకపోతే 16 ఏళ్ల నిలకడ కూడా కోర్టులో సరిపోదని వాకపల్లి చెబుతోంది.

2023 అక్టోబరులో హైదరాబాద్ ఇఫ్లూ క్యాంపస్‌లో ఒక విద్యార్థినిపై లైంగిక దాడి జరిగిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఫిర్యాదుల కమిటీని తిరిగి సక్రమంగా ఏర్పాటు చేయాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. అదే ఏడాది మే నెలలో గోవా యూనివర్సిటీ అధ్యాపకుడి కేసులో సుప్రీంకోర్టు, చట్టం వచ్చి పదేళ్లవుతున్నా అమలులో పెద్ద లోపాలున్నాయని, కమిటీలు ఉన్నాయో లేవో ప్రభుత్వాలు సరిచూడాలని చెప్పింది. 2024 డిసెంబరులో ప్రతి జిల్లాలో ఈ చట్టం కింద అధికారిని నియమించాలని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. పైకోర్టే రెండుసార్లు అడగాల్సి వచ్చిందంటే, మన పిల్ల చేరే కాలేజీలో కమిటీ ఉందా అని మనం ఒక్కసారైనా అడగాలి కదా.

మన లోపల కూడా

బయటివాళ్ల తప్పులే రాస్తే ఈ చరిత్ర సగమే అవుతుంది. మన గూడేల్లో తగవు వస్తే పెద్దలు కూర్చుంటారు, తప్పు చేసినవాడి చేత తప్పు కట్టిస్తారు. అందులో మంచి ఉంది, ఖర్చు లేకుండా తొందరగా తేలిపోతుంది. కానీ ఆ తగవులో ఆడపిల్లను పిలిచి, నీకేం కావాలని అడగడం నేను అరుదుగా చూశాను. తప్పు సొమ్ము తండ్రి చేతికో పెద్దల చేతికో వెళ్తుంది. తప్పు చేసినవాడు ఫారెస్టు గార్డో, షావుకారో, కాలేజీ సారో అయితే అసలు తగవే కూర్చోదు. "దొరతో మనకెందుకు" అని ఊరుకుంటాం. నేను ఆ పిల్లతో అన్న "ఓర్చుకో" అక్కడి నుంచే వచ్చింది. మా అమ్మ నాకు చెప్పింది, నేను ఆ పిల్లకు చెప్పాను.

మన దగ్గర మంచి మాట కూడా ఒకటుంది. థింసాలో మన ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని ఆడతారు. వరసలో చేరడం ఆ పిల్ల ఇష్టం. అలసిపోయి వరస వదిలి పక్కకు వస్తే ఎవరూ చెయ్యి పట్టి లాగరు. దాన్ని చూసినవాళ్లు కొందరు, "ట్రైబల్ అమ్మాయిలు ఫ్రీగా ఉంటారు" అనుకుంటారు. క్యాంపస్‌లో మన పిల్లల మీద పడే మాటల్లో అది ఒకటి. ఎవరి చెయ్యి పట్టుకోవాలో తానే తేల్చుకునే పిల్లను, ఎవరు చెయ్యి వేసినా ఊరుకునే పిల్ల అనుకోవడం వాళ్ల తప్పు. ఆ సంగతి మన పిల్లలకు మనమే ధైర్యంగా చెప్పాలి.

టీచర్లకు

ఇప్పుడు మన పిల్లలకు దగ్గరలోనే చదువులున్నాయి. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 2019లో విజయనగరంలో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. మా తరంలో ఇంటర్ దాటడమే గొప్ప. ఇప్పటి గుంటలు పీహెచ్‌డీ మాట మాట్లాడుతున్నారు. వాళ్లు కొండ దిగే ముందు మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, 18 ఏళ్ల లోపు పిల్లల సంగతి. ఆశ్రమ పాఠశాలలో గానీ, ఇంటర్‌లో గానీ పిల్ల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం మన విధి. చెప్పకపోవడం నేరం. "స్కూలు పరువు పోతుంది" అన్నది చట్టం ముందు చెల్లదు.

రెండోది, కాలేజీలో చేరిన వారంలోనే కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు నోటీసు బోర్డులో చూసి రాసుకోమని పిల్లలకు చెప్పాలి. బోర్డు మీద లేకపోతే అడగమనాలి. ఏదైనా జరిగితే తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, పక్కన ఎవరున్నారు అన్నవి అదే రోజు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మెసేజ్‌లు చెరిపేయకూడదు. ఫిర్యాదు ఇచ్చినప్పుడు కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోవాలి. మహిళలకు 181, అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకూ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

మూడోది మనకు తేలిక, కానీ మనం చేయడం లేదు. మన బడిలో పిల్లకు నేర్పే మొదటి ఉత్తరం సెలవు చీటీ. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, నాకు జ్వరంగా ఉన్నందున రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన." ఐదో తరగతికల్లా ఆ చీటీ అందరికీ నోటికి వచ్చేస్తుంది. ఆ పిల్లకూ అది నేనే నేర్పాను. పదేళ్ల తరువాత ఆమె నా ముందు కూర్చున్నప్పుడు ఆమెకు కావలసింది వేరే ఉత్తరం. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, నాకేం కావాలి అని ఐదు ముక్కల్లో రాసే ఉత్తరం. దానిలో ప్రార్థన అక్కర్లేదు.

ఇప్పుడు నా తరగతిలో ఆ ఉత్తరం కూడా నేర్పుతున్నాను. బోరింగు పాడైందని, మధ్యాహ్న భోజనంలో గుడ్డు తక్కువ వేశారని, పక్క బెంచీ వాడు జడ లాగాడని పిల్లలు రాస్తారు. నేను చదివి, తేదీ వేసి, సంతకం చేసి, తిరిగి ఏమైందో చెబుతాను. జడ లాగినవాడి చేత తప్పు ఒప్పించడం చిన్న పనే. కానీ రాస్తే ఎవరో ఒకరు చదువుతారని ఆ పిల్లకు ఆ వయసులోనే తెలియాలి.

ఈ వ్యాసం రాసే ముందు ఆ అమ్మాయిని కలిసి అడిగాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, గూడెంలోనే ఉంటోంది. తన పేరు లేకుండా రాయడానికి ఒప్పుకుంది. "అప్పుడు మీకు కూడా తెలీదు కదా టీచర్" అంది. ఆ మాట నన్ను క్షమించడానికే అంది. నాకు మాత్రం ఇంకోలా వినిపించింది. తెలియదు అనే మాట ఆ రోజు చెల్లిందేమో. ఈ పుస్తకం చదివిన మనకెవరికీ ఇక చెల్లదు.

ఆమె పెద్ద కూతురు ఈ ఏడు నా తరగతిలో ఉంది.